549 రూపాయల కుక్కరు కేసు విజయనగరంలో వేయవచ్చా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. చౌక ధరల యాప్‌లో నా ఫోన్ నుంచి మా అమ్మ కోసం 549 రూపాయలకు అయిదు లీటర్ల కుక్కరు తెప్పించాను. బజారులో దానికి దాదాపు మూడింతలు చెప్పారు. పదిహేను రోజులకే మూత పక్కనుంచి ఆవిరి ఎగదన్ని అమ్మ మణికట్టు కాలింది. చూస్తే కుక్కరు మీద ఐఎస్ఐ ముద్ర లేదు, తయారీదారు పేరూ లేదు. వాపసు గడువు ఏడు రోజులు దాటిందని, పార్సిల్ విప్పిన వీడియో లేదని, తాము అమ్మకందారులం కామని, వివాదమేదైనా బెంగళూరు కోర్టుల్లోనే తేల్చుకోవాలని యాప్ వారు జవాబిచ్చారు. ఇంత చిన్న మొత్తానికి ఇక్కడ కేసు వేయగలమా?

జవాబు: వేయగలరు. అంతకన్నా ముందు ఆ కుక్కరును పొయ్యి మీద పెట్టడం పూర్తిగా మానేయండి. అలాగని పారేయవద్దు, పాత సామాన్ల వాడికి వేయవద్దు, రబ్బరు మార్పించవద్దు. లోపం ఉందా లేదా అన్నది తేల్చడానికి, ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్ దానిని ప్రయోగశాలకు పంపవలసి రావచ్చు కనుక అది ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి.

మీ కేసుకు బలం ఆ లేని ముద్రలోనే ఉంది. 2021 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో ఇంటి వాడకపు ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర పైన ఐఎస్ 2347 అన్న ప్రమాణ సంఖ్య, కింద లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ లైసెన్సు నిజమైనదో కాదో, ఈ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ప్రమాణాలకు తగని కుక్కర్లను తమ వేదికల మీద అమ్మనిచ్చినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రెండు పెద్ద ఆన్‌లైన్ సంస్థలకు చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది, కొన్నవారికి సమాచారమిచ్చి డబ్బు తిరిగి ఇవ్వమని కూడా ఆదేశించింది. అందువల్ల "మేము మధ్యవర్తులం మాత్రమే" అన్న మాటతో యాప్ వారి బాధ్యత తీరిపోదు.

బెంగళూరు వెళ్ళనక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షను ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి మీకు విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. మనం చదవకుండానే ఒప్పుకున్నామని నొక్కే షరతుల్లో ఏమి రాసుకున్నా, చట్టమిచ్చిన ఈ హక్కు దానితో పోదు. సరుకు విలువ అయిదు లక్షల లోపుంటే ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసులకు ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి వెబ్‌సైట్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసి, విచారణకు వీడియోలో హాజరవుతామని కోరవచ్చు.

ఏడు రోజుల గడువు యాప్ వారు పెట్టుకున్న వాపసు ఏర్పాటుకు సంబంధించినది. లోపమున్న వస్తువు మీద ఫిర్యాదుకు చట్టం రెండేళ్ళ గడువిచ్చింది. వీడియో ఉంటే మంచి సాక్ష్యమే గాని, అది లేకపోతే హక్కే లేదని ఏ చట్టమూ చెప్పలేదు. లోపమున్న సరుకును, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోబోమని, డబ్బు ఇవ్వబోమని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి.

అమ్మగారి చెయ్యి కాలింది కనుక ఇది కేవలం 549 రూపాయల వ్యవహారం కాదు. ఆర్డరు మీ పేరున ఉన్నా, మీ అనుమతితో వాడుకున్న ఆవిడ కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. తయారీదారు ఎవరో తెలియనప్పుడు అమ్మినవారే హానికి జవాబుదారీ అని అదే చట్టంలోని 86వ సెక్షను చెబుతుంది. వ్యాపారంలో భాగంగా వస్తువును జనంలోకి చేర్చడంలో పాలుపంచుకున్న వారందరూ "విక్రేత" నిర్వచనంలోకి వస్తారని యాప్ మీద వాదించడానికి వీలుంది. అందుకే అమ్మకందారును, యాప్ వారిని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

చౌకను నేను తప్పు పట్టను. మన జిల్లాలో కూలి డబ్బుతో ఇల్లు నడిపేవారికి రెండు వందల దుప్పటి ఇంటి గుమ్మంలోకి రావడం చిన్న మేలు కాదు, ఆ దుప్పటి వెలిసిపోతే పోయేది రెండు వందలే. ఆవిరిని బిగించి ఉంచే పాత్ర, తలకు పెట్టుకునే హెల్మెట్, పసివాడు నోట్లో పెట్టుకునే బొమ్మ అలాంటివి కావు. వాటి ధర మరీ తగ్గిందంటే లోహపు మందంలోనో, రబ్బరులోనో, సేఫ్టీ వాల్వులోనో తగ్గించి ఉంటారేమోనని అనుమానించాలి. కుక్కరుకు, హెల్మెట్‌కు, బొమ్మకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసింది అందుకే.

ఈ రోజే చేయవలసినది, యాప్‌లో ఆ కుక్కరు పేజీని, బిల్లును, వారిచ్చిన జవాబులను స్క్రీన్‌షాట్లు తీయడం. ఇలాంటి పేజీలు రాత్రికి రాత్రి మాయమవుతాయి. పార్సిల్ కవరు మీది లేబుల్ దొరికితే దాచండి. తరువాత యాప్ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి, అమ్మకందారు పూర్తి చిరునామా ఇమ్మని అందులోనే అడగండి. కొన్న వినియోగదారు రాసి అడిగితే ఆ వివరాలు ఇచ్చితీరాలి. 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెల లోపు పరిష్కరించడం ఆ అధికారి విధి. దానితోపాటు 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా చిన్న వివాదాలు అక్కడే తీరుతాయి. నెల గడిచినా ఫలితం లేకపోతే కమిషన్‌కు వెళ్ళండి. వస్తువు ధర, వైద్యం ఖర్చు, బాధకు పరిహారం, కేసు ఖర్చులు విడివిడిగా అడగండి. పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో, లేకుంటే మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అంతకన్నా ఆలస్యమవుతుందని ముందే తెలుసుకుని దిగండి.

అమ్మగారిని ఇంతవరకు డాక్టరుకు చూపించకపోతే రేపే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళి, కాలిన గాయం ఎలా అయిందో చెప్పి, ఓపీ చీటీ మీద ఆ మాట రాయించండి.