ముక్కలు చేసే ముందు తాళం వెయ్యి

చిరంజీవి లావణ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

డయాగ్నస్టిక్ సెంటర్ డేటా బాధ్యత నీ చేతికొచ్చిందని అమ్మ చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మెహదీపట్నం బ్రాంచీల్లో ఒక్కో సర్వర్ పెట్టి రిపోర్టులన్నీ మూడు చోట్లా కాపీ చేద్దామనుకుంటున్నావట. సామాను కొనకముందే ఇది చదువు.

మూడు కాపీలుంటే ఒక డిస్కు పోయినా డేటా పోదు, అది నిజం. కానీ దొంగకు ఒక్క కాపీ దొరికితే చాలు. ఒకచోట ఉండాల్సిన గుమ్మాన్ని నువ్వే మూడుచోట్ల తెరిచిపెట్టినట్టవుతుంది. డేటా పోకుండా చూసుకోవడం వేరు, బయటపడకుండా చూసుకోవడం వేరు.

కాపీల బదులు ఎరేజర్ కోడింగ్‌తో ముక్కలు చేయవచ్చు. 4+2 పద్ధతిలో డేటాను నాలుగు భాగాలు చేసి, వాటి నుంచి లెక్కగట్టిన ఇంకో రెండు కలుపుతారు. ఆరింటిలో ఏ నాలుగు చేతికొచ్చినా మొత్తం తిరిగొస్తుంది. నీ 500 జీబీకి 750 జీబీ జాగా సరిపోతుంది, అదే మూడు కాపీలైతే 1500 కావాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ముక్కలైంది కదా, ఎవరికీ అర్థం కాదులే అనుకుంటారు. మామూలుగా వాడే కోడింగ్‌లో మొదటి నాలుగు ముక్కలూ అసలు డేటానే, అక్షరం మారదు. ఎన్‌క్రిప్ట్ చేయని, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలోకి మార్చని డేటాబేస్ డంప్‌ను (మొత్తం డేటా ఒకే ఫైలుగా తీసిన కాపీ) ముక్కలు చేసి, ఒక ముక్క మీద ఫైల్లోని చదవగలిగే అక్షరాలను చూపే స్ట్రింగ్స్ కమాండ్ నడిపి చూడు. పేషెంటు పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆ పక్కనే షుగర్ రిజల్టు, తెర మీద వరుసగా జారిపోతూ కనిపిస్తాయి.

అందుకని ముందు కంప్రెస్ (కుదించి సైజు తగ్గించడం), తర్వాత ఎన్‌క్రిప్ట్, ఆ తర్వాతే ముక్కలు. ఈ వరస తప్పొద్దు. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కంప్రెస్ కాదు కాబట్టి ఎన్‌క్రిప్షన్ ముందు చేస్తే జాగా దండగ. ఎన్‌క్రిప్షన్ డేటా పుట్టిన మెషీన్ మీదే జరగాలి, ముక్కలు దాచే సర్వర్ల చేతికి తాళంచెవి అసలు వెళ్లకూడదు. దీనికి సొంతంగా స్క్రిప్టు రాయకు. ఎక్కువగా వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఏఈఎస్-జీసీఎంలో ఒకే కీతో ఒకే నాన్స్ (ప్రతిసారీ కొత్తగా ఉండాల్సిన సంఖ్య) రెండుసార్లు పడితే రక్షణ మొత్తం కూలిపోతుంది, పైగా అది పడినట్టు నీకు ఎక్కడా తెలియదు. తాహో-లాఫ్స్ లాంటి పాత, నలిగిన సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్ట్ చేయడం, ముక్కలు చేయడం రెండూ తనే చూసుకుంటుంది. అది మామూలుగా పది ముక్కలు చేస్తుంది, మూడుంటే తిరిగి కట్టుకుంటుంది. నీకోసం నీడెడ్ 4, టోటల్ 6 చెయ్యి. ముక్కలు కనీసం ఎన్ని వేర్వేరు సర్వర్లకు చేరాలో చెప్పే హ్యాపీ అనే మూడో సెట్టింగు 7 మీద ఉంటుంది, దాన్ని 5కి దించు. దించకపోతే ఆరు సర్వర్లతో అప్‌లోడ్ అవ్వనే అవ్వదు.

ఇక ఆరు ముక్కలు ఎక్కడ పెట్టాలన్నది. బ్రాంచికి రెండేసి పెడితే ఒక బ్రాంచి పడిపోగానే సరిగ్గా నాలుగే మిగులుతాయి. అదే వారంలో ఇంకో డిస్కు పోయిందంటే అంతా ఆగిపోతుంది. బ్రాంచికి ఒక్కటి పెట్టి, మిగతా మూడు వేర్వేరు కంపెనీల దగ్గర, వీలైతే ముంబై, చెన్నై లాంటి వేరే ఊళ్లలో అద్దెకు తీసుకో. ఒకే క్లౌడ్ అకౌంటులో రెండు రీజియన్లు తీసుకుంటే అవి రెండు చోట్లు కావు, ఒక పాస్‌వర్డుతో రెండూ తెరుచుకుంటాయి. ఆరు సర్వర్లకూ ఒకే ఎస్‌ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే తాళంచెవి) పెట్టినా అంతే. లాగిన్‌లు వేరువేరుగా ఉండాలి, ఆఫీసు డొమైన్‌తో వాటికి సంబంధం ఉండకూడదు. సర్వర్‌ను సెల్లార్‌లో మాత్రం పెట్టనివ్వకు. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతి బ్యాకప్‌కే, నడిచే డేటాబేస్‌కు కాదు. పోయిన ఒక్క 125 జీబీ ముక్కను మళ్లీ కట్టాలంటే మిగతా చోట్ల నుంచి 500 జీబీ లాగాలి. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా పదకొండు గంటలు పడుతుంది. శనివారం రాత్రి మొదలుపెట్టు.

తాహోలో రూట్ క్యాప్ అనే పొడుగాటి అక్షరాల వరుస ఉంటుంది, అదే తాళంచెవి. అది పోతే ఆరు ముక్కలూ చెత్త కిందే లెక్క. దాన్ని దొంగిలించినవాడికి ఏ నాలుగు ముక్కలు అందినా మొత్తం చదివేస్తాడు. దాన్ని ఆది షమీర్ 1979లో చెప్పిన పద్ధతిలో ఐదు భాగాలు చెయ్యి, ఏ మూడు కలిసినా తెరుచుకునేట్టు. రెండు దొరికినవాడికి ఒక్క అక్షరం కూడా తెలియదు. ఓనరు, సీనియర్ పాథాలజిస్టు, ఆడిటరు, బ్యాంకు లాకరు, నువ్వు. భాగాలు కాగితం మీదే ఉండాలి, వాట్సాప్‌లో పంపొద్దు. ఇందులో ఒక లోపం ఉంది. ఒక భాగంలో అక్షరం తప్పినా కొన్ని టూల్స్ ఎర్రర్ చూపవు, తప్పుడు కీని చేతిలో పెడతాయి. అందుకని అసలు కీ హాష్‌ను (కీ నుంచి లెక్కగట్టే గుర్తు, కీ మారితే అదీ మారుతుంది) విడిగా రాసిపెట్టుకో, కలిపాక పోల్చి చూడు.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ సంగతి మరవకు. రాత్రి పాడైన ఫైళ్లు పొద్దున్నే బుద్ధిగా ఆరు ముక్కలై ఆరుచోట్లకూ వెళ్లిపోతాయి. కాబట్టి కనీసం ముప్పై రోజుల పాత బ్యాకప్‌లను ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా చెరపనివ్వని, మార్చనివ్వని ఏర్పాటు) ఉన్న చోట ఇంకో ఎన్‌క్రిప్టెడ్ కాపీగా పెట్టు. లాక్‌ను కంప్లయన్స్ మోడ్‌లో పెట్టు. గవర్నెన్స్ మోడ్ అయితే తగిన అనుమతులున్న అడ్మిన్ తీసేయగలడు, ఆ లాగిన్ దొంగ చేతిలో పడితే వాడూ తీసేస్తాడు.

ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చి ఏం చేశారో నమోదు చేసే లాగ్‌లు ఈ ఆరింటిలో దేనిమీదా కాక వేరే మెషీన్‌కు పంపు, మెషీన్ల గడియారాలన్నీ నెట్ ద్వారా సమయం సరిచేసే ఎన్‌టీపీతో కలిపి ఉంచు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉండాలి, చొరబాటు తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. ఆ ఆరు గంటల్లో ఎవరికి ఫోన్ చేయాలో, మెయిల్ ఎవరు రాయాలో ఇప్పుడే కాగితం మీద పెట్టుకో.

మూడు నెలలకోసారి ఏవైనా రెండు సర్వర్లు ఆపేసి, ముగ్గురి దగ్గర భాగాలు తెప్పించి, ఏమీ లేని కొత్త మెషీన్ మీద రీస్టోర్ చెయ్యి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టు. ఓనరు గారు అడిగేది ఆ గంటలే.

మీ పెద్దనాన్న