ఫోన్ లాక్కోకండి, ముందు పక్కన కూర్చోండి

ఎనిమిదో తరగతి చదివే మీ పాప ఫొటోతో స్టిక్కర్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఏడిపిస్తున్నారని, ఫోన్ తీసేసుకోవాలా అని అడిగారు. తీసుకోకండి. నేను ఆ పని చేశాను కాబట్టే చెబుతున్నాను.

రెండేళ్ల కిందట మా అమ్మాయికీ ఇదే జరిగింది. స్కూలు వార్షికోత్సవం ఫొటోలోంచి దాని మొహం ఒక్కటీ కత్తిరించి "నూనె జడ" అని రాశారు. గ్రూపులో ఇది ఏం మాట్లాడినా కింద అదే స్టిక్కర్. నాకు తెలిసిన రోజున కోపం, భయం రెండూ కమ్మేసి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేశాను. అది మారుమాట్లాడలేదు. గొడవ తీరిపోయిందనుకున్నాను. నెల తర్వాత ఓ ఆదివారం తలంటు పోద్దామని చూస్తే కొబ్బరినూనె సీసా నింపింది నింపినట్టే ఉంది. తలకు నూనె రాసుకోవడమే మానేసింది. స్టిక్కర్లు అలాగే నడుస్తున్నాయి, క్లాసులో ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నాకు చెబితే ఈసారి ఇంకేం లాక్కుంటానోనని దాచిందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఫోన్ దాని చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. ఎవరికీ జవాబివ్వలేదు. పంపినవాళ్ల నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచాం. మీరూ ముందు ఆ పని చేయండి, వాళ్లు డిలీట్ కొట్టేస్తే మీ దగ్గర ఏమీ మిగలదు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి అడుగుతానని మావారు బయల్దేరారు, ఆపాను. పెద్దవాళ్లు కొట్టుకుంటే నలిగేది మళ్లీ పిల్లే. స్క్రీన్‌షాట్లు క్లాస్ టీచర్‌కు చూపించాం. ఆవిడ అడ్మిన్‌గా ఉన్న అబ్బాయిని పిలిపించి గ్రూపు మూయించారు. మీది ఇంకా కొత్త విషయమైతే ఆలస్యం చేయకండి. ఈమధ్యే వచ్చిన మెసేజ్‌ను అడ్మిన్ అందరి ఫోన్లలోంచీ తీసేయగలడు.

బెదిరింపుల దాకా వస్తే చైల్డ్‌లైన్ 1098కి గానీ సైబర్ క్రైమ్ 1930కి గానీ ఫోన్ చేయండి. ఫొటోను అసభ్యంగా మారిస్తే మాత్రం "చూడండి ఏం చేశారో" అంటూ దాన్ని బంధువులకు పంపకండి. పిల్లల అలాంటి చిత్రాలను పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. నేరుగా పోలీసులకే చూపించండి.

మీరు అడగకపోయినా ఇంకో సంగతి చెప్పాలి. తర్వాత ఆర్నెల్లకు మా చిన్నాడి ఫోన్లో కాలనీ క్రికెట్ గ్రూపు చూశాను. నత్తిగా మాట్లాడే ఓ పిల్లాడి వాయిస్ మెసేజ్‌ని అందరూ మళ్లీ మళ్లీ ఫార్వర్డ్ చేస్తున్నారు. మావాడు నవ్వే ఎమోజీలు నాలుగు పెట్టాడు. "నేనేం అనలేదుగా అమ్మా" అన్నాడు. తిట్టలేదు. వాళ్లక్కను పిలిచి, అప్పుడు నీ స్టిక్కర్ కింద ఎంతమంది నవ్వారే అని అడిగాను. "పదకొండు మంది" అంది ఠక్కున. పేర్లు కూడా వరసగా చెప్పింది. స్టిక్కర్ చేసింది ఒక్కడే, దానికి పదకొండు మందీ గుర్తున్నారు. వాడు తల ఎత్తలేదు. సాయంత్రం బ్యాటు పట్టుకుని ఆ పిల్లాడి ఇంటికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, చీకటి పడేదాకా ఇద్దరూ సందులో ఆడుకున్నారు.

టీచర్ పట్టించుకోకపోతే ఇక్కడే మళ్లీ రాయండి. ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు ఎలా రాయాలో చెబుతాను.