ఎలుక చెప్పలేదు కదా, తమ్ముడూ

నల్లగొండ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే మీ మేనమామ గురించి రాసిన మొదటి పేరా జోలికి పోకు, బాగుంది. మిల్లు బంద్ అయినా చెవుల్లో గుయ్‌మంటూనే ఉంటుందని, ఫ్యాన్ చప్పుడు ఉంటేనే నిద్ర పడుతుందని ఆయన అంటుంటే పక్కన కూర్చుని విన్నట్టే ఉంది. చిక్కంతా ఎలుకలు వచ్చిన దగ్గర మొదలైంది. ‘పెద్ద శబ్దం విన్న ఎలుకకు చెవిలో హోరు మొదలైంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ సంగతి నీకెవరు చెప్పారు? మీ మామ నోరు తెరిచి చెప్పాడు. ఎలుక చెప్పలేదు కదా.

మన జిల్లాలో ఫ్లోరైడ్ గురించి రాసినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. మర్రిగూడ వైపు వెళ్తే వంగిన కాళ్లు, నడుములు కంటికి కనిపించేవి. టిన్నిటస్, అంటే ఈ చెవిలో హోరు, అలా కాదు, చాలామట్టుకు ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదు. మాట రాని జంతువులో దాన్ని ఎలా పట్టుకున్నారన్నదే అసలు కథ. నువ్వు దాన్నే వదిలేశావు.

1988లో జాస్ట్రెబాఫ్ అనే పరిశోధకుడి బృందం చేసింది చూడు. దాహంతో ఉన్న ఎలుకలకు నీళ్లు పెట్టారు. చుట్టూ ఎప్పుడూ ఒక శబ్దం నడుస్తుంటుంది. అది ఆగితే కాసేపటికి కాళ్లకు చిన్న షాక్. దాంతో శబ్దం ఆగగానే తాగడం మానేయడం అలవాటైంది. తర్వాత సాలిసిలేట్ ఇచ్చారు. అది ఆస్పిరిన్ జాతి మందు, మోతాదు ఎక్కువైతే మనుషులకూ చెవిలో హోరు పుడుతుంది. ఈసారి శబ్దం ఆగినా అవి మునుపటిలా జంకలేదు. వాటికి నిశ్శబ్దం తెలియడం లేదన్నమాట. కానీ మందు వల్ల భయమే తగ్గిందేమో అని నీకు అనుమానం రావాలి. దానికీ జవాబు ఉంది. ఇంకో గుంపుకు షాక్ నేర్పడానికి ముందే మందు మొదలుపెట్టారు. అవి మామూలు ఎలుకల కన్నా ఎక్కువ జంకాయి, ఎందుకంటే లోపలి హోరే వాటికి షాక్ గుర్తయింది. మందు ఒకటే, ఇచ్చిన సమయం మారితే ఫలితం తిరగబడింది. ఈ మెలికను తీరిగ్గా రాయి, ఒక పేజీ పట్టినా ఫర్వాలేదు.

నీ విషయం మందు కాదు, మోత. 2001లో బాయర్, బ్రొజోస్కీ ఎలుకల ఒక చెవికే పెద్ద శబ్దం వినిపించి, ప్రవర్తనను బట్టి టిన్నిటస్‌ను పసిగట్టారు. ఒక చెవికే ఎందుకంటే, రెండూ దెబ్బతింటే ఎలుకకు చెవుడొచ్చిందా, హోరు వినిపిస్తోందా అన్నది తేలదు. పైగా అంతే మోత విన్నా కొన్ని జంతువుల్లో టిన్నిటస్ జాడే ఉండదు. పరిశోధకులకు అదీ పనికొస్తుంది, రెండు రకాల మెదళ్లనూ పోల్చి చూడొచ్చు.

2006లో టర్నర్ బృందం షాకూ, శిక్షణా అక్కర్లేని పద్ధతి తెచ్చింది. సన్నని శబ్దం మధ్య చిన్న ఖాళీ పెట్టి, వెంటనే పెద్ద చప్పుడు చేస్తే జంతువు తక్కువ ఉలిక్కిపడుతుంది, ఖాళీ ముందే హెచ్చరిస్తుంది కాబట్టి. టిన్నిటస్ ఉంటే ఆ ఖాళీ హోరుతో నిండిపోతుందని వాళ్ల ఊహ. తేలిక కదా, చాలా ల్యాబులు దీన్నే పట్టుకున్నాయి. తీరా టిన్నిటస్ ఉన్న మనుషులను పరీక్షిస్తే వాళ్లు ఖాళీని బాగానే గుర్తుపట్టారు. నీ వ్యాసంలో దీన్ని ‘కచ్చితమైన పరీక్ష’ అన్నావు, కొట్టేయ్.

2009 నాటి కుజావా, లిబర్‌మన్ పని గురించి కూడా జాగ్రత్త. 100 డెసిబెల్స్ మోత రెండు గంటలు విన్న చిట్టెలుకలకు వినికిడి కొన్నాళ్లకు మామూలైంది. కానీ లోపల చెవి నరానికి ఉండే సినాప్సులు, అంటే శబ్దాన్ని నరానికి అందించే అతుకులు, చాలా పోయాయి. ‘టెస్ట్ రిపోర్ట్ నార్మల్’ అని పంపించేసిన మీ మామకు ఇది ఆశగా అనిపించొచ్చు. అయితే అందులో టిన్నిటస్‌ను కొలవలేదు. ‘కావచ్చు’ దగ్గరే ఆగు. చిట్టెలుక విన్నది రెండు గంటల మోత, మీ మామ విన్నది ఏళ్ల తరబడి. ఆ తేడా కూడా రాయి.

షాక్ సంగతి దాచకు. చదివేవాళ్లకు మనసు చివుక్కుమన్నా సరే. మన దేశంలో ఇలాంటి ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి అని ఒక వాక్యం చాలు, ఉపన్యాసం వద్దు.

చివరగా ఆ ఫోటో. కింద ‘చెవిలో హోరుతో బాధపడుతున్న ఎలుక’ అని పెట్టావు. ‘ప్రయోగశాలలో ఎలుక’ అని మార్చి, ఈ ఆదివారంలోపు మళ్లీ పంపు.

మీ అన్న