దస్తావేజులో ఏ ధర రాయించాలి?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు): పదేళ్ల కిందట కట్టిన ఒక ఫ్లాటును కొనాలనుకుంటున్నాం. యజమాని 62 లక్షలకు ఒప్పుకున్నారు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం లెక్కలో దాని విలువ 45 లక్షలే. అంతకే రిజిస్ట్రేషన్ చేయించుకుని, మిగతా 17 లక్షలు నగదుగా ఇస్తే ఖర్చు కలిసివస్తుందని మధ్యవర్తి అంటున్నారు. ఇంతకీ ఈ ఇంటి ధర ఏది? ఆయన చెప్పినట్టు చేయవచ్చా?

జవాబు: చేయవద్దు. సబ్ రిజిస్ట్రార్ చెప్పే ‘మార్కెట్ విలువ’ పేరుకే మార్కెట్ విలువ. అంతకంటే తక్కువకు సుంకం లెక్కకట్టకూడదని ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వం పెట్టుకున్న హద్దు అది. దస్తావేజులో రాసిన ప్రతిఫలం (అంటే కొన్న ధర), ఈ విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దానిమీద సుంకం కట్టాలి. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5, కలిపి 7.5 శాతం. అంటే 62 లక్షలకు 4,65,000 రూపాయలు, 45 లక్షలకు 3,37,500 రూపాయలు. మధ్యవర్తి చూపిస్తున్న లాభం ఈ 1,27,500 రూపాయలే.

దీనికోసం మీరు వదులుకునేది ఎంతో చూడండి. ఈ స్థాయి గృహరుణాల్లో బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు, సుంకాల ఖర్చును ఆ విలువలో కలపదు. పూర్తి ధర రాయిస్తే 49.6 లక్షల వరకు రుణం రావచ్చు, సుంకంతో కలిపి మీరు 17 లక్షల పైచిలుకు సమకూర్చుకుంటే సరిపోతుంది. 45 లక్షలే రాయిస్తే రుణం 36 లక్షల దగ్గర ఆగిపోతుంది, చేతి నుంచి 29 లక్షలకు పైగా పెట్టాలి. రేపు మీరే ఈ ఇల్లు అమ్మినప్పుడు కొన్న ధర 45 లక్షలుగానే లెక్కకు వస్తుంది కాబట్టి, ఆ 17 లక్షలు కూడా మీ లాభం కిందే చేరతాయి. రెండేళ్లు దాటాక అమ్మినా, ఇప్పటి 12.5 శాతం చొప్పున దానిమీదే 2,12,500 రూపాయల పన్ను పడుతుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. బేరం చెడితే, ఆ 17 లక్షలు ఇచ్చామని చూపడానికి మీ దగ్గర కాగితం ఉండదు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

ధర 50 లక్షలు, ఆపైన ఉన్నప్పుడు కొనేవారే 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి అమ్మేవారి పాన్ మీద జమ చేయాలి. మీ విషయంలో అది 62,000 రూపాయలు. ఇది అదనపు ఖర్చు కాదు, యజమానికి ఇచ్చే సొమ్ములోంచే తగ్గించుకోవాలి.

ఇక 62 లక్షలు సరైన ధరేనా అన్నది వేరే సంగతి. అదే భవనంలోని ఫ్లాట్లకు ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ధ్రువపత్రం) తీసి చూస్తే ప్రభుత్వ విలువ, ప్రతిఫలం పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ ఒకటే అయితే అసలు ధర అందులో లేదని అనుమానించాలి. బ్యాంకు వాల్యుయర్ అంచనా ఇంతకంటే నమ్మదగినది. ధరను సూపర్ బిల్టప్ ఏరియాతో (మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి స్థలాల వాటా కలిపినది) కాక కార్పెట్ ఏరియాతో (ఇంటి లోపల వాడుకునే స్థలం) భాగించి చుట్టుపక్కల ఫ్లాట్లతో పోల్చండి. పాత భవనం కనుక స్థలంలో మీకు వచ్చే అవిభక్త వాటా ఎన్ని గజాలో తప్పక అడగండి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ కట్టాలా?

జవాబు: కట్టాలి, 5 శాతం. ధర 45 లక్షలకు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లకు మించకపోతే 1 శాతమే. నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక మొత్తం సొమ్ము చెల్లించి కొంటే జీఎస్టీ ఉండదు. అంతకు ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ సమయంలో కట్టే 7.5 శాతం దీనికి అదనం.