వాయుగుండం వేళ బారువ ట్రిప్

ప్రశ్న: అక్టోబర్లో నలుగురు ఫ్రెండ్స్‌మి విజయనగరం నుంచి బైకుల మీద కళింగపట్నం, బారువ వెళ్దామనుకుంటున్నాం, వాయుగుండం అంటున్నారు, వెళ్లొచ్చాండీ?

జవాబు: ఓ వారం ఆగండి తమ్ముడూ. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేర్లతో సహా పడిపోయి, జీడితోటలు నేలమట్టమైపోయి, ఆ మర్నాడు తోటలో కూలబడిన రైతుల మొహాలు నాకింకా కళ్లముందే ఉన్నాయి. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే బీచ్ ఊసే వద్దు. వాన తెరిపిచ్చాక బయల్దేరినా తీరం వెంట సందురోడ్లు పట్టుకోకుండా హైవే మీదే రండి, చీకటి పడకముందే ఊరు చేరిపోండి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట మాత్రం దిగొద్దు, లాగేస్తుంది. దగ్గర్లోనే శాలిహుండం కొండెక్కండి, బౌద్ధ స్తూపాల పక్క నుంచి నది మొత్తం కనిపిస్తుంది, చాలా బాగుంటుంది.