చుక్కల నడుమ మంచు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నక్షత్రాల మధ్య ఉండే దుమ్ము మీద మంచు ఉంటుందని చదివాను. పాత ఫ్రిజ్ గోడలకు పేరుకున్నట్టే అక్కడా నీటి ఆవిరి గడ్డకడుతుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ పోలిక సగం దాకానే నడుస్తుందమ్మా. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా తేమ లోపలికి పోతుంది. అది చల్లటి గోడకు తగిలి గడ్డకడుతుంది. అంటే నీరు ముందే ఉంది. నక్షత్రాల మధ్య చీకటి మేఘాల్లో అంత మంచుకు సరిపడా ఆవిరి లేనే లేదు. అక్కడ నీరు దుమ్ము రేణువు మీదే తయారై, తయారైన చోటే మంచుగా ఉండిపోతుంది. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, ఈ సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

దుమ్ము అంటే మన వీధి దుమ్ము కాదు. ఒక్కో రేణువు మిల్లీమీటరులో పదివేలో వంతు ఉంటుంది. సిలికేట్లు (ఇసుక, రాళ్లలో ఉండే జాతి ఖనిజాలు), కర్బనం దాని సరుకు. చుట్టూ ఉష్ణోగ్రత మైనస్ 263 డిగ్రీల సెల్సియస్. ఘన సెంటీమీటరుకు పదివేల నుంచి పది లక్షల అణువులు ఉంటే దాన్ని దట్టమైన మేఘం అంటారు. మనం పీల్చే గాలిలో అదే చోటులో 25 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ఖగోళ శాస్త్రజ్ఞుల దృష్టిలో దట్టం అంటే ఇదీ!

ఇంత పలచటి చోట ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువులు ఎదురుపడడమే అరుదు. ఎదురుపడినా, కలిసినప్పుడు పుట్టే శక్తిని వదిలించుకునే దారి లేక దాదాపు ఎప్పుడూ విడిపోతాయి. రేణువు ఆ వేడిని తాను పుచ్చుకుంటుంది. దాని మీద ఆక్సిజన్ పరమాణువు ఒకటి వచ్చి అంటుకుంటుంది. తర్వాత వచ్చిన హైడ్రోజన్ తేలిక కాబట్టి ఉపరితలం మీద అటూ ఇటూ తిరుగుతూ దాన్ని చేరుతుంది. హైడ్రాక్సిల్ ఏర్పడుతుంది. ఇంకో హైడ్రోజన్ వస్తే నీరు. ఇదొక్కటే దారి కాదు. ఆక్సిజన్ అణువు హైడ్రోజన్‌తో కలిసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ మీదుగా కూడా నీరవుతుంది. 2008లో జపాన్‌లోని హొక్కైడో, నెదర్లాండ్స్‌లోని లైడెన్ బృందాలు గడ్డకట్టిన ఆక్సిజన్ మీదికి హైడ్రోజన్ పరమాణువులను పంపి ఈ దారిని ప్రయోగశాలలో చూశాయి.

ఒక రేణువుకు హైడ్రోజన్ పరమాణువు తగిలేది ఇంచుమించు రోజుకు ఒకటి. అలా లక్షల ఏళ్లు గడిస్తే వంద పొరల దాకా మంచు పేరుకుంటుంది. మేఘం ఇంకా చిక్కబడ్డాక కార్బన్ మోనాక్సైడ్ కూడా వచ్చి అంటుకుంటుంది. దానికి హైడ్రోజన్ చేరుతూ పోతే ముందు ఫార్మాల్డిహైడ్, ఆ తర్వాత మెథనాల్. ఆ చలిలో ఈ చర్యకు కావలసిన శక్తి హైడ్రోజన్‌కు ఉండదు. అయినా క్వాంటమ్ టన్నెలింగ్ వల్ల ఆ శక్తి అడ్డంకిని పైనుంచి దాటకుండానే, దాని గుండా అవతలికి చేరుతుంది.

ఇంకో మాట. ఆ మంచులో ఆరు కోణాల స్ఫటికాలు ఉండవు. అంత చలిలో అణువు ఎక్కడ పుడితే అక్కడే బిగుసుకుపోతుంది, వరసలో సర్దుకోలేదు.

ప్రశ్న: అంత దూరంలో అంత చిన్న రేణువు మీద మంచు ఉందని ఎలా తెలిసింది, సార్?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: మేఘం వెనకున్న నక్షత్రమే సాక్షి, బాబూ. దాని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి మేఘం గుండా వస్తున్నప్పుడు నీటి మంచు 3.1 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొంత మింగేస్తుంది. వర్ణపటంలో అక్కడ గుంట పడుతుంది. 1960లలో వెతికినవారికి అది దొరకలేదు, వాళ్లు చూసింది పలచటి దిక్కులకు. 1973లో గిల్లెట్, ఫారెస్ట్ ఓరియన్ మండలంలోని ఒక పరారుణ వస్తువు వైపు చూసి పట్టుకున్నారు. మన మృగశిర ఉండేది ఆ మండలంలోనే.

చీకటి ఎందుకు కావాలంటే, నక్షత్రాల అతినీలలోహిత కాంతి మంచును నిలవనివ్వదు. వృషభరాశి మేఘాల్లో, వెనక నక్షత్రపు కాంతిలో ఇరవయ్యో వంతు మాత్రమే ఇవతలికి వచ్చేంత మందం ఉన్నచోటే మంచు జాడ మొదలవుతుంది.

2023లో వెలువడిన ఒక పరిశోధనలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుతో సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలోని కెమీలియన్ మేఘాన్ని పరిశీలించారు. నీరు, కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, అమోనియా, మీథేన్, మెథనాల్ అన్నీ మంచులో కనిపించాయి. ఇలాంటి మంచును తయారుచేసి పరీక్షించడం చూడాలనుంటే మరీ దూరం పోనక్కరలేదు, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీలో చేస్తున్నారు.

ప్రశ్న: ఆ మంచు కరిగించి తాగవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వద్దు. అందులో అమోనియాతో పాటు నూటికి కొన్ని పాళ్లు మెథనాల్ ఉంటుంది. కల్తీ సారా తాగి చూపు పోయినవారి వార్తలు చదివే ఉంటారు, అక్కడి దోషి మెథనాలే. పైగా గిట్టుబాటు కాదు. స్థూలంగా లెక్క వేసి చూశాను. ఘన సెంటీమీటరుకు పదివేల అణువులున్న మేఘంలో మంచు రూపంలో ఉన్న నీరు ఘన సెంటీమీటరుకు ఒక్క అణువు చొప్పున పడుతుంది. ఒక గ్లాసు నీళ్ల కోసం పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటీ సుమారు 1,900 కిలోమీటర్లుండే మేఘాన్ని గాలించాలి. హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కు తిన్నగా గీత గీస్తే ఇంచుమించు అంత దూరం.