అసలు మహోగనీ చవక, రంగు పూసిన పైన్ భోషాణం ఖరీదు: ఏది కొనాలి?

ప్రశ్న: మేము బోస్టన్ శివార్లలో ఉంటాం. ఇద్దరం హెచ్-1బీ మీద ఉద్యోగాలు చేస్తున్నాం, ఎనిమిదేళ్ల బాబు. కిందటేడు ఇల్లు కొన్నాం. న్యూహ్యాంప్‌షైర్‌లో జరగబోయే ఒక వేలంలో రెండు పాత వస్తువులు చాలా నచ్చాయి. ఒకటి 1800 ప్రాంతపు, మహోగనీ అనే ముదురురంగు ఖరీదైన కలపతో చేసిన సొరుగుల బీరువా (చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్), ముందు భాగం విల్లులా ఒంపు తిరిగి ఉంది. అంచనా ధర 1,800 డాలర్లు. రెండోది ఇంచుమించు అదే కాలంలో పల్లెటూళ్లో చేసిన పైన్ చెక్క భోషాణం. మహోగనీలా కనిపించాలని రంగు వేశారట. దాని అంచనా 14,000! నకిలీకి అంత ధర ఎందుకో అర్థం కావడం లేదు. మావారేమో 'యాంటిక్‌ల ధర తగ్గడమంటూ ఉండదు, బాబు కాలేజీ చదువుకు దాస్తున్న 529 ఖాతాలోంచి తీసి రెండూ కొందాం' అంటున్నారు. అత్యవసరానికి రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మహోగనీ చెస్ట్ కొనుక్కోండి. భోషాణం ఇప్పుడు వద్దు. బాబు ఖాతా జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు.

ముందు మీ సందేహం తీరుస్తాను. 1748లో పాంపే తవ్వకాలు మొదలై, బూడిద కిందనుంచి రోమన్ ఇళ్లు బయటపడ్డాక యూరప్ అభిరుచే మారిపోయింది. లండన్‌లో రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి ఆ రోమన్ అలంకారాల్లోని కలశాలనూ పూలదండలనూ గోడల మీదికీ సామాన్ల మీదికీ తెచ్చాడు. హెపుల్‌వైట్ అనే లండన్ వడ్రంగి చనిపోయాక ఆయన భార్య 1788లో అచ్చు వేయించిన నమూనాల పుస్తకం, 1790లలో వచ్చిన షెరటన్ పుస్తకం సముద్రం దాటి బోస్టన్, సేలం వడ్రంగుల దాకా వచ్చాయి. మీకు నచ్చిన చెస్ట్ ఆ కోవలోదే. ఇక్కడ దాన్ని ఫెడరల్ స్టైల్ అంటారు. ముదురు మహోగనీలో వెంట్రుకంత సన్నగా పొదిగిన లేతరంగు చెక్క గీతలు చూసే ఉంటారు.

ఆ మహోగనీ కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో రావాలి. పల్లె వడ్రంగికి అంత స్తోమత ఎక్కడిది? అతని చుట్టూ ఉన్నది పైన్ చెట్లే. అందుకే పైన్ మీద రంగు పూసి, తడి ఆరకముందే ఈకతోనో గుడ్డతోనో దువ్వెనతోనో మహోగనీ చార తెప్పించాడు. కొందరు కొవ్వొత్తి పొగ కూడా పట్టించారు. పట్నం వడ్రంగి చెక్క పొదిగిన చోట పల్లె వడ్రంగి కుంచెతో పసుపు గీత గీశాడు. కొన్నవాళ్లకు అది రంగేనని తెలుసు. అందులో మోసం లేదు, అందమైన ఇంటి మీద మోజు ఉంది. నాకు ఆ భోషాణాలంటే చాలా ఇష్టం. వద్దని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది.

ధర విషయానికొస్తే, ఫెడరల్ మహోగనీ సామాను న్యూ ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లలో ఉంది. పెద్దవాళ్లు పోయాక పిల్లలు వాటిని వేలానికి పంపేస్తున్నారు, కొనేవాళ్లు తక్కువ. మామూలు మహోగనీ ధరలు ఇరవై ఏళ్లకు పైగా దిగుతూ వచ్చాయి. 'తగ్గడమంటూ ఉండదు' అన్న మీవారికి ఈ ఒక్కటీ చూపించండి. రంగు పూసిన సామాను అలా కాదు, ఏ రెండూ ఒకలా ఉండవు. పైగా జానపద కళగా దానికి మ్యూజియంల గౌరవం దక్కింది. ఆబీ ఆల్‌డ్రిచ్ రాక్‌ఫెల్లర్ అనే సంపన్నురాలి జానపద కళా సేకరణకు విలియమ్స్‌బర్గ్‌లో 1957లోనే ప్రత్యేకంగా మ్యూజియం తెరిచారు.

మీవారి మనసులో బహుశా ఆ 25 డాలర్ల బల్ల కథ ఉండి ఉంటుంది. గరాజ్ సేల్‌లో కొన్న ఆ కార్డుల బల్ల బోస్టన్‌లో జాన్, థామస్ సేమూర్ అనే తండ్రీకొడుకులు చేసిందని టీవీ కార్యక్రమంలో తేలింది. 1998లో సోథబీస్ వేలంలో 5,41,500 డాలర్లు పలికింది. నిజమే. కానీ దాని మీద ఆ తయారీదారుల చీటీ ఉంది. ఏ చీటీ లేని లక్షల బల్లల గురించి ఎవరూ కథలు చెప్పుకోరు.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు, వేలంలో పాట 10,000 దగ్గర ఆగితే మీరు కట్టేది 10,000 కాదు. కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ పాట మీద అదనంగా తీసుకునే బయ్యర్స్ ప్రీమియం 25 శాతం అనుకుంటే 12,500. రేపు మీరే అమ్మాల్సి వస్తే వేలం సంస్థ కమిషన్ 15 శాతం పోను, అదే 10,000 పాటకు మీ చేతికొచ్చేది 8,500. అంటే పెట్టిన 12,500 వెనక్కి రావాలన్నా పాట 14,700 దాటాలి. ధర ఏటా 4 శాతం చొప్పున పెరుగుతూ పోయినా అందుకు పదేళ్లు పడుతుంది. అదీ రవాణా, బీమా కలపకుండా. లాభం వస్తే, పన్ను రేటు షేర్ల మీద గరిష్ఠంగా 20 శాతమైతే ఇలాంటి వస్తువుల మీద 28 దాకా వెళ్తుంది. ఇంట్లో వాడుకున్న సామాను నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోలేరు.

529లోంచి చదువు కాని ఖర్చుకు తీస్తే, అందులోని లాభం మీద ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. బాబు కాలేజీకి ఇంకా పదేళ్లుంది. ఆ డబ్బును కదపకండి.

నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టింది, అత్యవసరానికి రెండు నెలల డబ్బే ఉందన్న మీ మాట. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ 60 రోజుల్లో భోషాణం డబ్బుగా మారదు. వేలం సంస్థ తీసుకోవాలి, కేటలాగ్‌లో వేయాలి, పాట జరగాలి, చెక్కు రావాలి, నెలలు పడుతుంది. ముందు అత్యవసర నిధిని ఆరు నెలలకు పెంచండి. ఆ తర్వాత కూడా మనసు భోషాణం మీదే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఈ పెట్టె పోయినా మరోటి వస్తుంది.

ఇంకో మాట, ఆ భోషాణం విలువంతా పైనున్న పల్చటి రంగులోనే ఉంది. మా ఇంట్లో స్టెన్సిల్‌తో బంగారు రంగు పళ్లు అద్దిన పాత కనెటికట్ కుర్చీ ఒకటి ఉంది, 90 డాలర్లకు కొన్నాను. ఒక ఆదివారం వంటింటి స్ప్రే కొట్టి తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డ తిప్పి చూస్తే బంగారు మరక. కుర్చీ మీద ద్రాక్షగుత్తి సగం లేదు. అది 90 డాలర్ల కుర్చీ కాబట్టి సరిపోయింది. అలాంటి పొరకు మీరు 14,000 పెడతానంటున్నారు.

మహోగనీ చెస్ట్ సంగతి వేరు. మీకు ఎలాగూ బట్టలు పెట్టుకోవడానికి ఒకటి కావాలి. ఆ ధరకు దుకాణంలో కొత్తది కొంటే ఇంటికి చేరగానే సెకండ్ హ్యాండ్ అయిపోతుంది. ఇది రెండు వందల ఏళ్లు నిలిచింది, ఇకముందూ పనికొస్తుంది. దీన్ని పెట్టుబడి ఖాతాలో రాయకండి, ఇంటి సామాను ఖర్చులో రాయండి. నెల జీతాల్లోంచే కొనండి.

వేలానికి ముందు వస్తువులు చూడనిచ్చే ప్రివ్యూ రోజున టార్చి పట్టుకెళ్లండి. ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి మూలల్లో అతుకులు చూడండి. చేతితో కోసినవైతే పళ్లు అన్నీ ఒకే కొలతలో ఉండవు. హ్యాండిళ్ల వెనక వాడని పాత రంధ్రాలుంటే హ్యాండిళ్లు మార్చారని అర్థం. కాళ్లు కొత్తవేమో వేలం సంస్థను రాతపూర్వకంగా అడగండి, వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్ట్ ఇస్తారు. ఒంపు మీద అరచేయి పెట్టి నిదానంగా నడపండి, పైన అతికించిన పల్చటి చెక్క పొర ఎక్కడైనా లేచి ఉంటే చేతికి తెలుస్తుంది. చలికాలంలో హీటర్ గాలికి అది ఇంకా లేస్తుంది కాబట్టి ఇంట్లో వెంట్ పక్కన పెట్టొద్దు.

పాట గరిష్ఠంగా 2,000. ప్రీమియంతో కలిపి 2,500 అవుతుంది. ఆ అంకె కాగితం మీద రాసి, చెయ్యెత్తే బాధ్యత మీవారికే ఇచ్చి, కాగితం మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.